రోమన్ పౌరసత్వం స్పైరల్ నోట్స్: కొనొచ్చు, పక్కన పెన్సిల్ పెట్టుకుని చదవాలి

హన్మకొండలో యూనివర్సిటీ దారి పట్టుకుని వెళ్తే జిరాక్స్ షాపుల ముందు వేలాడే స్పైరల్ నోట్సుల్లో ‘రోమన్ పౌరసత్వ విస్తరణ’ ఒకటి. ఏ4 సైజు, 118 పేజీలు, రెండు వైపులా ప్రింటు, 160 రూపాయలు. తయారు చేసినవాళ్ల పేరు కవర్ మీద లేదు, లోపలా లేదు. ఎంఏ హిస్టరీ వాళ్లు, జేఎల్ పోస్టుకు చదివేవాళ్లు కొంటున్నారు. ఈ ఒక్క అంశం మీదే తెలుగులో నూరు పేజీలు దాటిన మెటీరియల్ చేతికి రావడం అరుదు కాబట్టి పేజీ పేజీ పట్టి చూశాం.

తేదీలు దాదాపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా మాటల దగ్గర. ఇంగ్లిష్ మాట కనబడగానే డిక్షనరీలో మొదటి అర్థం తీసి పెట్టేశారు. ఈ అంశంలో అలా చేస్తే కొంప మునుగుతుంది. రోమన్ పౌరసత్వం ఉందా లేదా అనే ఒక్క ప్రశ్నతో తేలే వస్తువు కాదు, అందులో మెట్లున్నాయి. ఏ మెట్టు మీద ఎవరు నిలబడ్డారో చెప్పేవే ఆ మాటలు.

మూడో చాప్టర్ పేరే ‘సాంఘిక యుద్ధం’. సోషల్ వార్‌కు చేసిన అనువాదం అది. లాటిన్‌లో ‘సోకియస్’ అంటే మిత్రుడు, పొత్తుదారు. రోమ్‌తో ఒప్పందం ఉండి, దాని యుద్ధాలకు ఏటా సైనికులను పంపి, ఓటు మాత్రం లేని ఇటలీ జనం తిరగబడ్డ యుద్ధం అది. మిత్రరాజ్యాల యుద్ధం అనాలి. ‘సాంఘిక’ అని చదివిన కుర్రాడు జవాబులో పేదలు ధనికుల మీద తిరగబడ్డారని రాసి వస్తాడు, ఉన్న మార్కులూ పోతాయి.

‘లాటిన్ హక్కు’ను లాటిన్ భాష వచ్చినవాళ్లకు ఇచ్చే హక్కు అన్నారు, 22వ పేజీలో. భాషతో సంబంధం లేదు. పూర్తి పౌరుడికీ పరాయివాడికీ మధ్యనున్న ఒక హోదా పేరు అది. రోమన్‌తో చెల్లుబాటయ్యే కొనుగోలు అమ్మకం, చాలా సందర్భాల్లో పెళ్లి సంబంధం, రోమ్‌కు వచ్చి స్థిరపడే వీలు, ఇవీ అందులో ఉన్నవి. తొలిరోజుల్లో ఇటలీలో రోమ్ చుట్టుపక్కలున్న లాటియం ప్రాంతపు జనానికున్న హోదాను తర్వాత స్పెయిన్ ఊళ్లకు కూడా ఇచ్చారు. వాళ్లలో ఎందరికి లాటిన్ వచ్చో ఎవరూ పరీక్ష పెట్టలేదు.

‘కాలనీ’ని వలసరాజ్యం అన్నారు. బ్రిటిష్ వాళ్ల వలసరాజ్యం గుర్తొచ్చే మాట ఇక్కడ అతకదు. నిజం చెప్పాలంటే మన ఎన్జీవోస్ కాలనీలో ఉన్న ‘కాలనీ’యే దీనికి దగ్గర: కొలిచిన భూమి, పంచిన ప్లాట్లు, పేర్ల జాబితా. క్రీ.పూ. 334లో కాలెస్‌కు 2,500 మందిని పంపి లాటిన్ కాలనీ పెట్టారు. క్రీ.పూ. 329లో టరాకీనాకు 300 మందినే పంపి, ఒక్కొక్కరికి రెండు యూగెరాల (యూగెరా రోమన్ల భూమి కొలత) భూమి ఇచ్చారు. అది రోమన్ పౌరుల కాలనీ. ఈ రెండింటి మధ్య తేడానే చాప్టర్ మొత్తానికి కీలకం. లాటిన్ కాలనీకి వెళ్లే రోమన్ భూమి కోసం తన పౌరసత్వం వదులుకుని లాటిన్ అవుతాడు. రెండో రకంలో పౌరుడిగానే ఉంటాడు. నోట్సులో రెండూ ఒకే పేరాలో కలిసిపోయాయి.

అన్నిటికన్నా చెడ్డది ‘35 గిరిజన తెగలు’. ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి చదివే పిల్లలకు తెగ అనగానే కోయలు, నాయకపోడ్లు కళ్లముందు మెదులుతారు. రోమ్‌లో ‘ట్రైబస్’ అంటే ఆ అర్థం లేదు, అది ఓటర్ల జాబితాలో ఒక విభాగం. వరంగల్ కార్పొరేషన్‌లో 66 డివిజన్లున్నట్టు రోమ్‌లో 35 ట్రైబస్‌లు: నగరంలో 4, పల్లెల్లో 31. చివరి రెండు, క్విరీనా, వెలీనా, క్రీ.పూ. 241లో చేర్చారు. ఆ తర్వాత సామ్రాజ్యం ఎంత పెరిగినా ఆ సంఖ్య 35 దగ్గరే ఆగిపోయింది, కొత్త పౌరులను ఉన్న 35లోనే సర్దారు. సాధారణంగా తండ్రి ట్రైబసే కొడుక్కి వస్తుంది. పేరులోనే అది కనబడుతుంది: రోమన్ వక్త, లాయరు సిసిరో పూర్తి పేరు రాస్తే తండ్రి పేరుకూ సిసిరోకూ మధ్య ‘కోర్’ అని మూడక్షరాల పొట్టి మాట వస్తుంది. కొర్నేలియా ట్రైబస్‌కు గుర్తు అది. వాళ్ల ఊరు ఆర్పీనమ్‌కు క్రీ.పూ. 188లో ఓటు హక్కు ఇచ్చినప్పుడు కొర్నేలియాలో వేశారు.

లెక్క ఇక్కడ పట్టుకోవాలి. ఒక ట్రైబస్‌లో వెయ్యి మంది ఉన్నా లక్ష మంది ఉన్నా దానిది ఒకే ఓటు. చట్టం నెగ్గడానికి 18 చాలు. ఒక్కొక్కటిగా ఓటేస్తూ పోయి 18 రాగానే మిగతావాళ్ల అవసరం ఉండదు. కొత్తవాళ్లందరినీ రెండు మూడు ట్రైబస్‌ల్లో కుక్కేస్తే వాళ్లు ఎన్ని లక్షలున్నా ఫలితం మారదు. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లను చాలాకాలం నగరంలోని 4 ట్రైబస్‌ల్లోనే ఉంచింది ఇందుకే. నోట్సులో ఈ లెక్క ఒక్క వాక్యం లేదు. ‘పౌరసత్వం లభించింది’ అని రాసి ముందుకు పోయారు. కార్డు చేతికొస్తే పని అయిపోయినట్టేనా? ఏ జోన్‌లో వేశారన్న దాని మీద ఉద్యోగం వస్తుందో రాదో తేలే మన దగ్గర చదివే పిల్లలకు ఇది చెబితే అర నిమిషంలో అర్థమవుతుంది.

మొదటి చాప్టర్ క్రీ.పూ. 338 ఒప్పందాల మీద. ఇది బాగుంది. లాటియం ఊళ్ల కూటమి (లాటిన్ కూటమి) ఓడిపోయాక రోమ్ అందరికీ ఒకే శిక్ష వేయలేదు, అందరికీ ఒకే వరం ఇవ్వలేదు. లానువియం, అరీకియా, నోమెంటమ్, పెడుమ్ ఊళ్లకు పూర్తి పౌరసత్వం. కాపువా, ఫుండి, ఫోర్మియై వంటివాటికి ఓటు లేని పౌరసత్వం. టీబుర్, ప్రైనెస్తె ఊళ్ల భూమి కొంత లాక్కుని మిత్రులుగానే ఉంచారు. ఆంటియమ్ ఓడల ముక్కులు విరిచి తెచ్చి రోమ్‌లో ఉపన్యాస వేదికకు తగిలించారు. పాత కూటమి ఊళ్లు తమలో తాము సభ పెట్టుకోకూడదు, వాళ్లలో వాళ్లు పెళ్లి సంబంధాలు, కొనుగోళ్లు చేసుకోకూడదు అన్న షరతును నోట్సులో బోల్డు అక్షరాల్లో వేశారు. అలా వేయడం సరైన పని. ప్రతి ఊరికీ రోమ్‌తోనే లంకె, పక్క ఊరితో లేదు. ఈ పద్ధతి తెలియకపోతే తర్వాత రెండున్నర శతాబ్దాలు మిత్రులంతా ఏకమై ఎందుకు లేవలేదో తెలియదు.

ఓటు లేని పౌరసత్వం గురించి నోట్సు ‘సగం వరం’ అంటుంది. ఆ పౌరుడు పన్ను కడతాడు, సైన్యానికి వెళ్తాడు. ఓటు, పదవి లేవు. వరం అనాలో బరువు అనాలో చదివేవాళ్లు తేల్చుకోవాలి. ఇది శాశ్వతం కాదన్నది వదిలేశారు. రోమ్ పొరుగు జనం సబైన్లకు క్రీ.పూ. 290లో ఓటు లేని పౌరసత్వం, 268లో ఓటు వచ్చాయి. ఫోర్మియై, ఫుండి, ఆర్పీనమ్‌లకు పైన చెప్పినట్టు 188లో. 18వ పేజీ అంచున ఈ రెండు తేదీలు రాసుకుంటే చాలు.

ఇక అదే పేజీలోని మ్యాప్. అసలు మ్యాప్ రంగుల్లో ఉండి ఉంటుంది. కింద నాలుగు డబ్బాల సూచిక ఉంది: పూర్తి పౌరులు, ఓటు లేని పౌరులు, లాటిన్లు, మిత్రులు. నలుపు తెలుపు జిరాక్స్‌లో నాలుగు డబ్బాలూ ఒకే బూడిద రంగుకు తిరిగాయి. మ్యాప్‌లో ఇటలీ మొత్తం ఒకటే మచ్చ. ఈ నోట్సులోని లోపం ఏమిటని ఎవరైనా అడిగితే ఆ పేజీ తిప్పి చూపిస్తే సరిపోతుంది.

మూడో చాప్టర్, పేరు తప్పయినా, సరుకున్న చాప్టర్. మిత్రులకు పౌరసత్వం ఇవ్వాలని క్రీ.పూ. 125లో ఫుల్వియస్ ఫ్లాకస్ చేసిన ప్రతిపాదన, ఫ్రెగెల్లై అనే లాటిన్ కాలనీ తిరుగుబాటు, ఆ ఊరిని నేలమట్టం చేయడం, 122లో అదే పని కోసం గయస్ గ్రాకస్ ప్రయత్నం, వరుస బాగా కట్టారు. క్రీ.పూ. 95 నాటి లికీనియా మూకియా చట్టాన్ని ఒక్క ముక్కలో తేల్చేయడం మాత్రం నిరాశ. పౌరులు కాకుండానే పౌరులమని జాబితాలో చేరినవాళ్లను వెతికి తీసేయడానికి విచారణ పెట్టిన చట్టం అది. 1952లో వరంగల్‌లో మొదలైన ముల్కీ ఆందోళన, బోగస్ ముల్కీ సర్టిఫికెట్ల గొడవ చదివినవాళ్లకు ఈ విచారణలు ఊళ్లలో ఎంత సెగ పుట్టించి ఉంటాయో చెప్పక్కర్లేదు. కాకపోతే ఒక తేడా ఉంది. మన దగ్గర బయటివాళ్లు వచ్చారని లోపలివాళ్లు కొట్లాడారు. అక్కడ తీసేయబడ్డ బయటివాళ్లే నాలుగేళ్లకు కత్తి పట్టారు. క్రీ.పూ. 187లో 12,000 మంది లాటిన్లను రోమ్ నుంచి వెనక్కి పంపడం కూడా ఇక్కడ చేర్చాల్సింది. పంపమని ఫిర్యాదు చేసింది లాటిన్ ఊళ్లే. జనం రోమ్‌కు పోయి అక్కడ లెక్కలో చేరితే, రోమ్ అడిగిన సైనికుల కోటాను ఊళ్లో మిగిలినవాళ్లు ఎక్కడి నుంచి తేవాలి?

క్రీ.పూ. 91లో మిత్రులకు పౌరసత్వం ఇవ్వాలన్న డ్రూసస్ హత్య, అస్కులమ్‌లో తిరుగుబాటు. కోర్ఫీనియమ్‌ను ఇటాలికా అని పేరు మార్చి రాజధాని చేసుకోవడం, రోమ్ ఆడ తోడేలును కుమ్ముతున్న ఎద్దు బొమ్మ నాణెం, ఇవన్నీ ఉన్నాయి. తర్వాత చట్టాల పట్టిక ఇచ్చారు. క్రీ.పూ. 90 జూలియా చట్టం తిరగబడని లాటిన్లకు, మిత్రులకు ఊరి లెక్కన పౌరసత్వం ఇచ్చింది. దాన్ని ఊరు ఒప్పుకోవాలి. నేపుల్స్, హెరాక్లియా ఊళ్లలో తమ పాత ఒప్పందమే మేలన్నవాళ్లు చాలామంది ఉండి గట్టిగా వాదులాడుకున్నారు. ఈ సంగతి పట్టికలో లేదు. ఇస్తే ఎవరైనా ఎగిరి గంతేస్తారు అనుకోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది.

క్రీ.పూ. 89 ప్లౌటియా పాపీరియా చట్టం దగ్గర ‘60 రోజుల్లో దరఖాస్తు’ అని మాత్రమే ఉంది. షరతులు మూడు: మిత్ర ఊరి జాబితాలో పేరు ఉండాలి, చట్టం వచ్చేనాటికి ఇటలీలో కాపురం ఉండాలి, 60 రోజుల్లో ప్రీటర్ (రోమ్‌లో న్యాయాధికారి) దగ్గరకు వెళ్లి నమోదు చేయించుకోవాలి. ఒకటి నుంచి ఏడు దాకా బోనఫైడ్ల కోసం స్కూళ్ల చుట్టూ తిరిగినవాళ్లకు దీంట్లో ఎక్కడ బండి ఆగుతుందో వెంటనే తెలుస్తుంది. కవి ఆర్కియస్ కేసు అదే. ఆయన అంటియోక్‌లో పుట్టినవాడు, హెరాక్లియా జాబితాలో చేరినవాడు. క్రీ.పూ. 62లో ఆయన పౌరుడే కాదని కేసు పెట్టారు. హెరాక్లియా రికార్డు గది యుద్ధంలో కాలిపోయింది, కాగితం లేదు. ఆయన తరఫున వాదించిన సిసిరో హెరాక్లియా నుంచి వచ్చిన మనుషులను సాక్షులుగా చూపాడు, ప్రీటర్ మెటెల్లస్ రిజిస్టర్‌లో పేరుందన్నాడు. మిగతా ప్రీటర్ల రిజిస్టర్లు నమ్మదగ్గవి కావని కూడా అన్నాడు. జనాభా లెక్కల్లో పేరెందుకు లేదంటే ఆ సమయాల్లో ఆర్కియస్ సేనాని లూకుల్లస్ వెంట సైన్యంతో ఊరు బయట ఉన్నాడన్నాడు. చట్టం పనిచేసే తీరు, చెడిపోయే తీరు రెండూ ఒక్క కేసులో ఉన్నాయి. నోట్సులో ఆర్కియస్ పేరు కూడా లేదు. అరపేజీ ఇవ్వాల్సింది.

తర్వాత మెలిక ట్రైబస్‌ల దగ్గరే. కొత్త పౌరులను ఎనిమిదింటిలోనే వేయాలనుకున్నారని పాతకాలం చరిత్రకారుడు వెల్లెయస్ అంటాడు. కొత్త ట్రైబస్‌లు పెట్టి చివర్లో ఓటేయించారని ఇంకో చరిత్రకారుడు అప్పియన్ అంటాడు. ఎలా చూసినా 18 అందదు. క్రీ.పూ. 88లో ట్రిబ్యూన్ (ప్రజా ప్రతినిధి) సుల్పీషియస్ వాళ్లను 35లోనూ పంచాలని చట్టం తెచ్చాడు. తూర్పున పొంటస్ రాజు మిత్రిదాతెస్ మీది యుద్ధ నాయకత్వాన్ని సేనాని సూల్లా నుంచి తీసి అతని ప్రత్యర్థి మారియస్‌కు ఇప్పించింది కూడా సుల్పీషియసే. సూల్లా సైన్యంతో రోమ్ మీదికి నడిచి ఆ చట్టాలను రద్దు చేశాడు. నోట్సు సూల్లా కథ ఒక చోట, పౌరసత్వం కథ ఇంకో చోట చెప్పి రెండింటినీ విడదీసింది. 47, 61 పేజీలు కలిపి చదవండి.

జనాభా లెక్కల పట్టిక 66వ పేజీలో: క్రీ.పూ. 115లో 3,94,336, 86లో 4,63,000, 70లో 9,10,000. అంకెలు సరైనవే. పక్కన రాసిన కారణమే తప్పు: ‘జననాల రేటు పెరుగుదల’. పదహారేళ్లలో వయోజన పురుషుల సంఖ్య పుట్టుకలతో రెట్టింపు కాదు. చట్టం వచ్చింది 90, 89లో. 86 లెక్కల నాటికి చాలామంది పేర్లు ఎక్కనే లేదు, ఆ తర్వాత 70 దాకా లెక్కలే పూర్తి కాలేదు. క్రీ.పూ. 28లో అగస్టస్ లెక్క 40,63,000 అని కూడా ఉంది. అందులో ఆడవాళ్లు, పిల్లలు చేరారా లేదా అన్నది పండితుల మధ్య ఇప్పటికీ తెగని వాదన. ఆ అంకెను పై మూడింటి పక్కన పెట్టి శాతాలు తీయకండి.

నాలుగో చాప్టర్ సామ్రాజ్య కాలం. సైనికుల భాగం ఒప్పదగ్గది. పరాయి ప్రాంతాల సహాయక దళంలో 25 ఏళ్లు కొలువు చేస్తే పౌరసత్వం, కంచు పత్రం. దాన్ని పాస్‌బుక్‌తో పోల్చారు, మంచి పోలిక: రెండు రేకులు, లోపల ఒకసారి బయట ఒకసారి అదే రాత, తీగతో కట్టి ఏడుగురు సాక్షుల ముద్రలు. బయటి రాత మీద అనుమానం వస్తే ముద్రలు విప్పి లోపలిది చూడొచ్చు. భార్య ఒక్కతే, పెళ్లికి హక్కు ఒక్కసారే అన్న షరతు రాశారు. క్రీ.శ. 140 ప్రాంతంలో ఆ దళాల సైనికుల పాత పిల్లలకు పౌరసత్వం ఆగిపోయిన సంగతి రాయలేదు. ఇది పెద్ద లోటు, ఎందుకంటే 25 ఏళ్ల కొలువులో పుట్టిన పిల్లలే వాళ్ల అసలు బాధ.

చక్రవర్తి క్లాడియస్ క్రీ.శ. 48 ప్రసంగాన్ని ‘గాల్ ప్రజలకు పౌరసత్వం ఇచ్చిన ప్రసంగం’ అన్నారు. కాదు. అడిగినవాళ్లు అప్పటికే పౌరులు. వాళ్లకు కావాల్సింది రోమ్‌లో పదవులు, సెనేట్‌లో చోటు. ముందుగా గాల్‌లోని అయిదూయి అనే తెగకు దొరికింది. ఆ ప్రసంగం చెక్కిన కంచు పలక 1528లో లియోన్‌లో బయటపడింది.

స్పెయిన్‌లో ఇర్ని ఊరి చట్టం గురించి రెండు పేజీలున్నాయి, రెండూ బాగున్నాయి. లాటిన్ హక్కున్న ఊళ్లో పదవి చేసి దిగినవాడికి తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, కొడుకుల పిల్లలతో సహా రోమన్ పౌరసత్వం వస్తుందని 21వ సెక్షన్ చెప్పే తీరు వివరించారు. తర్వాత మొరాకోలో దొరికిన బనాసా పలక దగ్గర తొందరపడ్డారు. క్రీ.శ. 177లో జెగ్రెన్సెస్ అనే తెగ పెద్ద ఔరేలియస్ జూలియానస్ తన భార్యాపిల్లలకు పౌరసత్వం తెచ్చుకున్నాడు. రోమ్ రిజిస్టర్ నుంచి తీసిన నకలు ఆ పలక మీదుంది. భార్య ఫాగ్గూరా 22 ఏళ్లు, జూలియానా 8, మాక్సిమా 4, జూలియానస్ 3, డయోజెనియానస్ 2. రేషన్ కార్డు చూస్తున్నట్టే ఉంటుంది. తమ జాతి ఆచార హక్కులు పోవు, రోమ్‌కు రావాల్సిన పన్నులూ తగ్గవు అని స్పష్టంగా రాసిన పలక ఇది. చక్రవర్తి కారకల్లా దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చిన 212కు ముందు అది ఎలా నడిచిందో చెప్పే ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అరుదు. నోట్సులో మూడు లైన్లు!

ఈజిప్టు మెలికను అసలు ముట్టలేదు. రోమన్ సెనేటర్ ప్లినీ తన వైద్యుడు, ఈజిప్టువాడు హార్పోక్రాస్‌కు పౌరసత్వం ఇవ్వమని చక్రవర్తి ట్రాజన్‌ను అడిగాడు, వచ్చింది. ఈజిప్టువాడికి ముందు అలెగ్జాండ్రియా పౌరసత్వం ఉండాలని తర్వాత తెలిసింది. మళ్లీ ఉత్తరం. అలెగ్జాండ్రియా హక్కును తేలిగ్గా ఇవ్వనంటూనే ట్రాజన్ ఒప్పుకుని, ఏ జిల్లావాడో చెప్పమన్నాడు. మెంఫిస్ జిల్లా అని ఇంకో ఉత్తరం. చక్రవర్తి స్నేహితుడికే ఇన్ని తిరుగుళ్లు.

చివరి చాప్టర్ కారకల్లా శాసనం, క్రీ.శ. 212. ‘బానిసలకు తప్ప అందరికీ’ అని రాశారు. బానిసల సంగతి ఆ శాసనం తెచ్చిన మినహాయింపు కాదు, వాళ్లు ఎలాగూ లెక్కలో లేరు. ఆ శాసనం పాఠం ఉన్న గీసెన్ పాపిరస్ మీద కనబడేది ‘దెదితికీ’ అన్న మాట, లొంగిపోయినవాళ్లు అని అర్థం. ఆ చోట పాపిరస్ చిరిగి ఉంది కాబట్టి వాళ్లను దేని నుంచి మినహాయించారో ఇప్పటికీ వాదన నడుస్తోంది. ‘దెదితికీ’ అని అలాగే రాసి, పక్కన ‘లొంగిపోయినవాళ్లు’ అని పెట్టడం క్షేమం. కారణం దగ్గర ఆ కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో మాటను పూర్తిగా ఇచ్చారు: వారసత్వ పన్ను పౌరులకే పడుతుంది, అది 5 నుంచి 10 శాతం చేశాడు, అందుకే పౌరులను పెంచాడు. డియోకు కారకల్లా అంటే పడదు, ఈ ముక్క కూడా జవాబులో వేయాలి. పాపిరస్‌లో చక్రవర్తి చెప్పుకున్న కారణం దేవతలకు కృతజ్ఞత. ఆ తర్వాత ఈజిప్టు కాగితాల్లో కారకల్లా వంశం పేరైన ఔరేలియస్ కుప్పలు తెప్పలుగా కనబడటం గురించి మంచి పేరా ఉంది.

కాగితం పలచన. రెండు వైపుల ప్రింటు వల్ల వెనక అక్షరాలు ముందుకు కనబడతాయి, హైలైటర్ వాడితే అలుక్కుపోయినట్టవుతుంది. స్పైరల్ తీగ చివర వంచలేదు, బ్యాగులో బట్టకు పట్టుకుంటుంది. 160కి ఇంత సరుకు ఎక్కువే. అయిదుకు మూడున్నర ఇస్తాం. మొదటిసారి ఈ అంశం చదివేవాళ్లు మాత్రం దీన్ని ఒంటరిగా చదవకూడదు.

డబ్బులిచ్చే ముందు 103, 104 పేజీలు తిప్పి చూడండి. మేం చూసిన మూడు కాపీల్లో ఒకదాంట్లో ఆ ఆకు లేదు, దాని బదులు 101 రెండుసార్లు పడింది. గీసెన్ పాపిరస్ పాఠం ఉన్నది ఆ ఆకులోనే. మ్యాప్ పేజీ ఒక్కటీ కలర్ ప్రింటు తీసిమ్మని అడిగితే షాపులో విడిగా ఇస్తారు, వాళ్ల కంప్యూటర్‌లో అసలు ఫైల్ ఉంది.